తెరయు మాటయు

తన మనస్సునందలి విషయమును పదిమందికి విశదపరచు నేర్పు విద్యావంతునకు అలంకారము. ఎంత చదివినను, చదివినదానిని ఇతరులకు తెలియునట్లు చెప్పలేనిచో ఆ విద్య కుండలోని దీపమువలె లోలోపలనే వెలుగును. పూర్వము ప్రసంగించువానికి కంఠస్వరము, నల్లబల్ల, సుద్దముక్క, గోడకు తగిలించిన పటము సాధనములుగా నుండెడివి. నేడు వానికి తోడు వెలుగు తెర వచ్చినది. తెరమీద ఒకదానివెంట నొకటిగా చిత్రములను, అక్షరములను చూపుచు మాటలాడుట పాఠశాలలందును, కార్యాలయములందును, శాస్త్రసభలందును వాడుకయైనది. అట్లు చూపబడు ఒక్కొక్క పుటకు స్లైడు అని పేరు. ఆంధ్రప్రదేశములోని పెక్కు ప్రభుత్వ పాఠశాలల తరగతి గదులలో 2023వ సంవత్సరమున పెద్ద వెలుగు తెరలు అమర్చబడినవి. ఉపాధ్యాయులేకాక విద్యార్థులును వానిముందు నిలిచి మాటలాడవలసిన దినములు వచ్చినవి. కావున స్లైడులను ఎట్లు తయారుచేయవలెనో, వానిని చూపుచు ఎట్లు ప్రసంగింపవలెనో తెలిసికొనుట అవసరము.

వెలుగు తెరమీద బొమ్మ చూపుచు కథ చెప్పుట తెలుగువారికి క్రొత్త కాదు. తోలుబొమ్మలాట మన ప్రాచీన కళలలో నొకటి. తెల్లని పలుచని గుడ్డను తెరగా కట్టి, దాని వెనుక దీపములు వెలిగించి, రంగులు వేసిన తోలుబొమ్మలను తెరకు ఆనించి ఆడింతురు. దీపమునకును తెరకును నడుమ ఏ బొమ్మ నిలుచునో అదియే జనులకు కనబడును. హనుమంతుడు సముద్రమును లంఘించు ఘట్టమున తెరమీద హనుమంతుడే ప్రధానముగా నుండును. రాబోవు యుద్ధమునకు కావలసిన రాక్షసుల బొమ్మలు తమ వంతు వచ్చువరకు ప్రక్కన వేచియుండును. మరియొక సంగతి గమనింపుడు. బొమ్మ మాటలాడదు. మాటయు, పాటయు ఆడించువారివి. కన్నులు బొమ్మను చూచుచుండగా చెవులు కథను వినును. కంటిపని కంటిది, చెవిపని చెవిది. ఈ విభజనమే తెరప్రసంగమునకు మూలసూత్రము.

ఇట్టి పనికి యంత్రము పుట్టినది పదునేడవ శతాబ్దమున. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659వ సంవత్సరమున మాయాదీపమునకు కావలసిన బొమ్మలను గీసి యుంచెను. దీపమునకు ముందు గాజుపలకపై చిత్రించిన బొమ్మను నిలిపి, వెలుగును కటకముగుండ ప్రసరింపజేసినచో ఎదుటి గోడమీద ఆ బొమ్మ పెద్దదై కనబడును. గాజుపలకను ప్రక్కనుండి యంత్రములోనికి జరుపుదురు. జరుపుట యను అర్థముగల ఇంగ్లీషు మాటయే దానికి స్లైడు అను పేరైనది. మన దేశమున బొంబాయికి సమీపమునగల కల్యాణ పట్టణవాసి మహదేవ గోపాల పట్వర్ధన్ 1890ల దశాబ్దమున గాజుపలకలపై పురాణకథలను చిత్రించి, శాంబరిక్ ఖరోలిక అను పేరుతో ప్రదర్శించెను. ఇరువదవ శతాబ్దమున గాజుపలకల స్థానమును ఫిల్ముముక్కలు ఆక్రమించినవి. అమెరికాలోని కొడాక్ సంస్థ 1961లో స్లైడులను గుండ్రని పళ్లెములో అమర్చు ప్రొజెక్టరును ప్రవేశపెట్టెను; 2004లో స్లైడు ప్రొజెక్టర్ల తయారీనే మానివేసెను. కంప్యూటరు వాని స్థానమును ఆక్రమించుటయే ఇందుకు కారణము. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ అను వారి కృషిఫలమైన పవర్‌పాయింట్ 1987లో వెలువడినది. అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొనెను.

గాజుపలకపై బొమ్మ గీయుటకు దినములు పట్టెడివి. కావున దేనిని చూపవలెనో, దేనిని విడువవలెనో ముందుగా ఆలోచింపక తప్పెడిది కాదు. కంప్యూటరుమీద ఒక్క పూటలో నలువది స్లైడులు చేయవచ్చును. పుస్తకములోని పుటను యథాతథముగా తెరమీదికి ఎక్కింపవచ్చును. శ్రమ తగ్గినది, దానితో ఆలోచనయు తగ్గినది. తెర నిండుట చూచి విషయము చెప్పితిమని వక్త భ్రమపడును. అట్టి భ్రమ ఎంతటి అనర్థమునకు తోడ్పడగలదో తెలుపు సంఘటన ఒకటి కలదు.

2003వ సంవత్సరము జనవరి 16వ తేదీన అమెరికాకు చెందిన కొలంబియా అను రోదసి నౌక ఏడుగురు వ్యోమగాములతో బయలుదేరెను. అందొకరు మన దేశమున హర్యానాలోని కర్నాల్ పట్టణమున పుట్టి పెరిగిన కల్పనా చావ్లా. నౌక పైకెగసిన 82 సెకండ్లకు ఇంధనపు తొట్టినుండి నురుగుపదార్థపు ముక్క యొకటి ఊడి ఎడమ రెక్కకు బలముగా తగిలెను. నౌక ఆకాశమున తిరుగుచుండగనే, ఆ దెబ్బవలన ప్రమాదము కలదా యని ఇంజనీర్లు పరిశీలించి, తమ నిర్ణయములను స్లైడుల రూపమున అధికారులకు చూపిరి. వానిలో ఒక స్లైడుపై పెద్ద అక్షరముల శీర్షిక ధైర్యము కలిగించునట్లుండెను. దాని క్రింద వాక్యములు, ఉపవాక్యములు, వానికి మరల ఉపవాక్యములు మెట్లుమెట్లుగా దిగి, అక్షరములు చిన్నవగుచు పోయెను. అన్నిటికంటె అడుగున, చిన్న అక్షరములలో, అసలు సంగతి దాగియుండెను. పూర్వము పరీక్షకు వాడిన నురుగుముక్క పరిమాణము 3 ఘనపుటంగుళములు. రెక్కకు తగిలినదాని పరిమాణము సుమారు 1920 ఘనపుటంగుళములు. అనగా 640 రెట్లు. పాత పరీక్ష ఈ దెబ్బను గూర్చి ఏమియు రూఢిగా చెప్పజాలదని దాని భావము. ఆ ముఖ్యమైన సంగతి చదువరుల దృష్టిని ఆకర్షింపలేదు. ఫిబ్రవరి 1వ తేదీన తిరిగి వచ్చుచు, కొలంబియా టెక్సాస్ రాష్ట్రముమీది ఆకాశమున ముక్కలైపోయెను. ఏడుగురును మరణించిరి.

ఆ ఘోరమునకు స్లైడు ఒక్కటియే కారణమనుట న్యాయము కాదు. రెక్కకు కలిగిన దెబ్బ, దానిని తగినట్లు పరీక్షింపకపోవుట, అధికారుల నిర్ణయములు మొదలగు కారణములు పెక్కు కలవు. కాని 2003 ఆగష్టులో వెలువడిన విచారణసంఘపు నివేదిక ఈ స్లైడును ప్రత్యేకముగా చర్చించి, సమగ్రమైన శాస్త్రనివేదికలకు బదులు స్లైడులపై ఆధారపడు అలవాటును విమర్శించెను. యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడును పంక్తిపంక్తిగా పరిశీలించి దానిలోని దోషములను లోకమునకు తెలిపెను. మనము నేర్వవలసిన పాఠ మొక్కటియే. వినువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఏదో, అదియే తెరమీద అన్నిటికంటె పెద్దదిగాను, స్పష్టముగాను ఉండవలెను. తక్కిన నియమములన్నియు ఈ యొక్క నియమమునకు శాఖలు.

దీనిని ఒక ఉదాహరణముతో తెలిసికొందము. విజయనగరము జిల్లాలోని కొత్తవలసలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె తన ఊరి రైలుమార్గమును గూర్చి పది నిమిషములు ప్రసంగింపవలెననుకొందము. విషయము మంచిదే. హౌరా–చెన్నై ప్రధానమార్గముపై విజయనగరమునకును విశాఖపట్టణమునకును నడుమ కొత్తవలస కూడలి స్టేషను కలదు. అక్కడినుండి వేరొక మార్గము చీలి, శృంగవరపుకోట మీదుగా తూర్పుకనుమల నెక్కి, అరకు, కోరాపుట్, జయపురము, జగదల్‌పూర్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ చేరును. దాని పొడవు సుమారు 445 కిలోమీటర్లు. బైలదిల్లా కొండలలోని ఇనుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చి, జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశాబ్దమున ఆ మార్గమును నిర్మించిరి. దానిలో ఏబదికి మించిన సొరంగములు కలవు.

ఆ బాలిక మొదట చేయు పొరపాటు ఏదో ఊహింపవచ్చును. ఒక స్లైడు తెరచి, పైన "కొత్తవలస – కిరండూల్ రైలుమార్గము" అని వ్రాసి, క్రింద పండ్రెండు పంక్తులలో పొడవు, సంవత్సరములు, సొరంగములు, స్టేషన్ల పేర్లు అన్నిటిని నింపును. పిమ్మట తెరవైపు తిరిగి దానినే చదువును. తరగతిలోని పిల్లలు ఆమె చదువుటకు ముందే కన్నులతో చదివివేయుదురు; లేదా చదువలేక ఊరకుందురు. రెండు విధములను ఆమె మాట వినువారుండరు. చెవితో ఒక వాక్యము వినుచు, కంటితో మరియొక వాక్యము చదువుట మనుష్యునకు దుస్సాధ్యము. చిత్రమును చూపుచు నోటితో వివరించినప్పుడు, అదే వివరణమును తెరమీద అక్షరములుగా కూడ నింపినదానికంటె నేర్చువారికి ఎక్కువ తెలియునని అమెరికా దేశపు మనోవిజ్ఞానవేత్త రిచర్డ్ మేయర్ తన ప్రయోగములవలన నిరూపించెను. తోలుబొమ్మలాటవారు శతాబ్దములుగా ఆచరించుచున్న సంగతియే ఇది.

కావున ఆమె కంప్యూటరు తెరవక మునుపు ఒక కాగితము తీసికొనవలెను. "నా మాటలు విన్నవారు ఇంటికి పోయి ఏ ఒక్క వాక్యము చెప్పవలెను?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. "కొండలోని ఇనుమును కడలికి చేర్చుటకై మన యూరినుండి రైలు కొండ నెక్కినది" అనునది ఆ వాక్యమైనచో, ప్రసంగమంతయు దానికి లోబడి యుండవలెను. ఆ వాక్యమునకు పనికిరాని సంగతి ఎంత చక్కనిదైనను విడిచిపెట్టవలెను. పిమ్మట కాగితముమీద ఆరు చిన్న గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క స్లైడునకు కావలసిన బొమ్మను పెన్సిలుతో గీసికొనవలెను. పది నిమిషముల ప్రసంగమునకు ఆరు స్లైడులు చాలును.

మొదటి దానిలో కొత్తవలస కూడలివద్ద మార్గములు చీలు విధమును చూపు పటము. పైన "ఇచ్చట రైలుదారి రెండుగా చీలును" అను వాక్యము. రెండవదానిలో ఖనిజము ప్రయాణముచేయు త్రోవ. దానిపై స్టేషన్లన్నియు అక్కరలేదు, నాలుగైదు చాలును. మూడవదానిలో మైదానమునుండి కొండమీదికి దారి ఎక్కు రేఖ. నాలుగవదానిలో వాలును తెలుపు బొమ్మ. అయిదవదానిలో ఒక సొరంగపు ఛాయాచిత్రము. ఆరవదానిలో ప్రయాణికులు. ఖనిజమునకై వేసిన ఆ దారిలో ప్రయాణికుల రైలుకూడ నడచుచున్నది. కొండల అందమును చూచుటకు అనువుగా గాజుకప్పు గల పెట్టెను 2017 ఏప్రిల్‌లో విశాఖపట్టణము–అరకు ప్రయాణమునకు ప్రవేశపెట్టిరి. ఇట్లు ప్రతి స్లైడునకును శీర్షికగా పూర్ణవాక్య ముండవలెను. "రైలుమార్గపు వాలు" అనుట పేరు మాత్రమే. "ఈ రైలు నిటారైన వాలు నెక్కును" అనుట సంగతి. ఆరు శీర్షికలను వరుసగా చదివినచో కథ తెలియవలెను. తెలియనిచో వరుసలో లోపమున్నదని గ్రహింపవలెను.

అంకెలను చూపుటకు ప్రత్యేకమైన నేర్పు కావలెను. ఈ మార్గముమీది శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున నున్నది. 996 అని వ్రాసి ఊరకున్నచో అది ఒక అంకె మాత్రమే. ఢిల్లీలోని కుతుబ్ మినారు ఎత్తు సుమారు 73 మీటర్లు. అట్టి మినార్లను పదుమూటిని ఒకదానిపై నొకటి నిలిపినను శిమిలిగుడ ఎత్తునకు చాలవని చెప్పి, దాని ప్రక్కన కొండరేఖను చూపినచో పిల్లల మనస్సున ఆ యెత్తు నిలుచును. అట్లే ఈ దారిలో వాలు కొన్నిచోట్ల అరువదింట ఒకటి. అనగా 60 అడుగులు ముందుకు సాగునప్పటికి ఒక అడుగు పైకెక్కును. నడచువానికి అది వాలుగా తోచదు. కాని వేలకొలది టన్నుల బరువుగల రైలునకు అది గొప్ప ఎక్కుడు. ఒక స్లైడునకు ఒక అంకె, ఆ అంకెకు ఒక పోలిక చాలును. పెద్ద పట్టిక నంతటిని చూపవలసివచ్చినచో దానిని కాగితముమీద అచ్చువేసి చేతికిచ్చుట మంచిది. కాగితమును మరలమరల చూచుకొనవచ్చును. తెర క్షణములో మారిపోవును.

ఇక అక్షరములను గూర్చి. తెలుగు లిపికి పైన తలకట్టు, గుడి, ఏత్వము మొదలగునవియు, క్రింద ఒత్తులును కలవు. ఒకే పరిమాణమున వ్రాసినప్పుడు ఇంగ్లీషు అక్షరము తెలిసినంత సులభముగా మన "స్త్రీ", "రాష్ట్రము" దూరమునుండి తెలియవు. పై పంక్తిలోని ఒత్తులు క్రింది పంక్తిలోని గుడులకు తగిలినచో చదువుట మరింత కష్టము. కావున తెలుగున అక్షరమును పెద్దదిగాను, పంక్తికిని పంక్తికిని నడుమ ఎడమును ఎక్కువగాను ఉంచవలెను. అలంకారపు వంకరలు లేని అక్షరరూపమును ఎన్నుకొనవలెను. మండలి, గిడుగు మొదలగు తెలుగు అక్షరరూపములు ఉచితముగా దొరకును. శ్రీకాకుళపు సీమలో పుట్టి, తెలుగు వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పేరనే అందొకటి వెలసినది. ఒక ప్రసంగమున ఒకటి రెండు అక్షరరూపములకంటె ఎక్కువ వాడరాదు.

తెలుగు వ్రాయువారికి మరియొక చిక్కు కలదు. యూనికోడు పద్ధతిలో లేని పాత అక్షరరూపములతో వ్రాసిన స్లైడు వేరొక కంప్యూటరులో తెరచినప్పుడు అర్థములేని గుర్తులుగా మారిపోవును. యూనికోడులో 1991నుండియే తెలుగు లిపికి స్థానము కలదు. కావున ఎల్లప్పుడు యూనికోడు తెలుగునే వాడవలెను. అట్లు వాడినను, స్లైడులకు పి.డి.ఎఫ్. ప్రతిని ఒకదానిని సిద్ధపరచి పెన్‌డ్రైవులో ఉంచుకొనుట క్షేమము. పి.డి.ఎఫ్. ప్రతిలో అక్షరములు చెదరవు. సభకు గంటముందే ఆ యూరి కంప్యూటరుమీద ఒకసారి తెరచి చూచుకొనవలెను.

చివరి బల్లమీద కూర్చున్నవానికి అక్షరములు కనబడునో లేదో ఇంటివద్దనే తెలిసికొను ఉపాయము కలదు. తరగతిలోని తెర వెడల్పు 2 మీటర్లు, చివరి బల్ల దానికి 12 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. అనగా దూరము తెర వెడల్పునకు ఆరు రెట్లు. మీ కంప్యూటరు తెర వెడల్పు 34 సెంటీమీటర్లైనచో, దానికి ఆరు రెట్లు 204 సెంటీమీటర్లు. ఆ తెరకు రెండు మీటర్ల దూరమున నిలిచి స్లైడును చూడుడు. మీకు చదువరాని అక్షరము చివరి బల్లవానికిని చదువరాదు. అప్పుడు అక్షరమును పెంచుడు. చోటు చాలనిచో మాటలను తగ్గింపుడు. మాటలను తగ్గింపక అక్షరములను కుదించువాడు వెనుక కూర్చున్నవారిని సభనుండి వెడలగొట్టినట్లే.

రంగుల విషయమునను ఇదే న్యాయము. తెల్లని నేలపై నలుపు గాని ముదురు నీలము గాని, నల్లని నేలపై తెలుపు గాని చక్కగా తెలియును. పసుపుపై తెలుపు, నీలముపై ఎరుపు కన్నులకు శ్రమ. ఎరుపు, ఆకుపచ్చల భేదము గుర్తింపలేనివారు ప్రతి సభయందును ఉండవచ్చును. పురుషులలో ఈ లోపము ఎక్కువ. కావున రైలుమార్గములు రెండింటిని రంగుతోనే కాక, ఒకదానిని నిండుగీతతోను, మరియొకదానిని తునుకలగీతతోను చూపవలెను. అక్షరములు ఎగురుచు వచ్చుట, గిరగిర తిరుగుట, గంటలు మ్రోగుట మొదలగు వినోదములను విడువవలెను. అవి చూచువారి దృష్టిని విషయమునుండి లాగివేయును. ఇతరులు తీసిన ఛాయాచిత్రమును వాడునప్పుడు వారి అనుమతి పొంది, వారి పేరు చిత్రము క్రింద వ్రాయుట మర్యాద.

సాధనములను గూర్చి ఎక్కువ విచారింపనక్కరలేదు. పూర్తిస్థాయి పవర్‌పాయింట్ వెలయిచ్చి కొనవలసినది. లిబ్రే ఆఫీసువారి ఇంప్రెస్ ఉచితము. గూగుల్ స్లైడ్స్‌ను ఇంటర్నెట్ ఉన్నచోట ఉచితముగా వాడుకొనవచ్చును. నలుగురు విద్యార్థులు ఒకే ప్రసంగమును కలిసి తయారుచేయుటకు అది అనువైనది. చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రము, కాగితముమీద స్వయముగా గీసిన పటము అంగడిబొమ్మలకంటె మేలు. సుత్తి మంచిదైనంతమాత్రమున వడ్రంగి మంచివాడు కాడు.

స్లైడులు సిద్ధమైనవి. అంతమాత్రమున ప్రసంగము సిద్ధమైనట్లు కాదు. ఈ సందర్భమున విజయనగరపు హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసును స్మరింపవలెను. ఆయన 1864లో జన్మించి 1945లో పరమపదించెను. 1919లో స్థాపింపబడిన విజయనగరపు సంగీత కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. హరికథకునకు తెర లేదు, బొమ్మ లేదు. కాళ్లకు గజ్జెలు, చేత చిడుతలు, కంఠమున పాట, ముఖమున భావము మాత్రమే సాధనములు. అతడు జనులవైపు చూచుచు కథ చెప్పును. పుస్తకము తెరచి చదువడు. తెర యున్నవాడును అట్లే నిలువవలెను. తెరకు ఒక ప్రక్కగా, జనులకు ఎదురుగా నిలిచి, అవసరమైనప్పుడు మాత్రమే తెరను చూపవలెను. తెరవైపు తిరిగి మాటలాడినచో వీపు మాత్రమే సభకు మిగులును, మాట గోడకు చేరును.

క్రొత్త స్లైడు కనబడగనే రెండు మూడు క్షణములు మౌనముగా నుండుడు. జనులు దానిని చూచుకొందురు. పిమ్మట మాటలాడినచో వారి చెవులు మీకు దక్కును. తెరతో పనిలేని మాట చెప్పునప్పుడు తెరను నల్లగా చేయవచ్చును. పవర్‌పాయింట్‌లో ప్రదర్శనము నడచుచుండగా ఇంగ్లీషు అక్షరమాలలోని రెండవ అక్షరమైన 'బి' మీటను నొక్కినచో తెర నల్లబడును. మరల నొక్కినచో వెలుగును. తోలుబొమ్మను తెరనుండి తొలగించుట వంటిదే ఇది.

అభ్యాసము లేనిదే ఇవి ఏవియు అలవడవు. గడియారము ముందుంచుకొని, నిలుచుండి, పైకి వినబడునట్లు మూడుసార్లు ప్రసంగమంతయు చెప్పి చూచుకొనవలెను. మనస్సులో చదువుకొన్నప్పుడు ఏడు నిమిషములైనది నోట చెప్పునప్పుడు పండ్రెండు కావచ్చును. సమయము మించినచో వేగము పెంచరాదు. ఒక స్లైడును తీసివేయవలెను. బుఱ్ఱకథలో ప్రధాన కథకునకు ఇరుప్రక్కల వంతలుందురు. వారు నడుమ ప్రశ్న వేయుదురు, సందేహము తెలుపుదురు, కథ అందరికి తెలియునట్లు చేయుదురు. మీరును ఒక మిత్రుని ముందు కూర్చుండబెట్టుకొని, తెలియనిచోటనెల్ల ప్రశ్నింపుమని కోరుడు. అతడు ప్రశ్నించిన చోటనే మీ ప్రసంగమునకు మరమ్మతు కావలెను. ఆ విషయము తెలియని తమ్ముడో, అమ్మమ్మయో అయినచో మరింత మంచిది.

విద్యుత్తు పోవచ్చును, ప్రొజెక్టరు మొరాయింపవచ్చును. అప్పుడు ప్రసంగము ఆగిపోయినచో ఆ ప్రసంగము వక్తది కాదు, తెరది. కొత్తవలస రైలుదారిని సుద్దముక్కతో నల్లబల్లపై ఒక్క గీతగా గీసి, కొండను, కడలిని గుర్తించి కథ చెప్పగలిగిన బాలికకు ఏ భయమును లేదు. తెరలేకయు చెప్పగల విషయమునే తెరతో మరింత చక్కగా చెప్పగలము.

ఈ నేర్పు పరీక్షలకును, బహుమానములకును మాత్రమే ఉపయోగించునది కాదు. ఉత్తరాంధ్ర తీరమునకు తుపానుల బెడద తెలియనిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళపు జిల్లాలోను తీరము దాటినవి. అట్టి సమయమున గ్రామస్థులకు తెరమీద హెచ్చరిక చూపువారు, వాయుగుండము పుట్టుకను, అక్షాంశరేఖాంశములను, గాలివేగపు పట్టికలను నింపి, "ఈ సాయంకాలములోగా తుపాను రక్షణ గృహమునకు చేరుడు" అను మాటను అడుగున చిన్న అక్షరములలో వ్రాసినచో ఏమగునో ఆలోచింపుడు. ఆ మాట పైన, పెద్దదిగా, ఒంటరిగా నిలువవలెను. ఎచ్చటికి, ఎప్పటిలోగా, ఏయే వస్తువులతో పోవలెనో తెలుపవలెను. తక్కినది అడిగినవారికి చెప్పవచ్చును.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు వైద్యులగుదురు, కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు గ్రామసభలలో మాటలాడుదురు. మీరు చూపు తెరను నమ్మి ఇతరులు నిర్ణయములు చేయుదురు. కావున తెరను నింపుటకు పూర్వము మనస్సును నింపుకొనుడు. చెప్పవలసినదానిని ఒక్క వాక్యమున తేల్చుకొనుడు. ఆ వాక్యమును చివరి బల్లవాడు చదువునట్లు వ్రాసి, అతని ముఖము చూచుచు చెప్పుడు. అతనికి తెలిసినచో మీ ప్రసంగము సఫలమైనట్లే.